ఎర్ర గీత

మా ఇంట్లో ఏ తలుపూ కిర్రుమనదు. గొప్ప కోసం చెబుతున్న మాట కాదిది, ఒక రకంగా నా ఫిర్యాదు. తలుపు చప్పుడైతే ఎవరో వచ్చారని తెలుస్తుంది. మా ఇంట్లో మనుషులు పిల్లుల్లా వచ్చి వెనక నిలబడతారు. నేను ఉలిక్కిపడి చేతిలో ఉన్నది కింద పడేస్తాను.

దీనికంతటికీ కారణం మా ఆయన. ఆయన గడియారాలు బాగుచేసే మనిషి. ఒక ఇరుకు కొట్లో, కంటికి బుడ్డి అద్దం బిగించుకుని, ఊళ్ళోవాళ్ళ గడియారాలన్నీ విప్పి మళ్ళీ నడిపించారు. చేతులు వణకడం మొదలయ్యాక ఒకరోజు ఎవరిదో చేతిగడియారంలో వెంట్రుకంత స్ప్రింగు పట్టకారు నుంచి ఎగిరిపోయింది. దాన్ని నేలంతా వెతికి, దొరికించుకుని, బిగించి ఇచ్చి, ఆ సాయంత్రమే కొట్టుకు తాళం వేశారు. పనిముట్లు మాత్రం ఇంటికి తెచ్చుకున్నారు. వాటితోపాటు నూనె డబ్బా కూడా. అప్పట్నుంచి పొద్దున టీ తాగగానే, సూదిమూతి ఉన్న ఆ డబ్బా పట్టుకుని ఇల్లంతా తిరుగుతారు. తలుపు బందులు, కిటికీ గొళ్ళాలు, కుట్టుమిషను, గొడుగు ఊచలు, ఆఖరికి నా కత్తెర. "రెండు ఇనుములు కలిసేచోట ఒక చుక్క పడాలోయ్" అంటారు. నా మోకాళ్ళ దగ్గరికి ఇంకా రాలేదు, అదృష్టవంతురాలిని.

ఇక మా కోడలి సంగతి. పెళ్ళయి అత్తారింటికి వచ్చేటప్పుడు బట్టల పెట్టెలతోపాటు చెక్కలు చెక్కే మిషను వెంట తెచ్చుకున్న కోడల్ని నేను ఇంకెక్కడా చూడలేదు. ఆమె ఫిజియోథెరపిస్టు. పడి లేచినవాళ్ళకూ, కాళ్ళూ చేతులూ పట్టేసినవాళ్ళకూ మళ్ళీ నడక నేర్పడం ఆమె ఉద్యోగం. ఆ మిషనేమో ఆమె సరదా. దాన్ని సీఎన్‌సీ రౌటర్ అంటారట. విడిభాగాలు తెప్పించుకుని తనే బిగించుకుంది. పాత సామాన్ల గది ఖాళీ చేయించి దాన్ని పెట్టించినప్పుడు నేను మూతి ముడుచుకున్న మాట నిజమే. నా పాత పరుపులన్నీ అటక ఎక్కాయి మరి.

బల్లంత ఉంటుంది అది. కంప్యూటరులో బొమ్మ గీసిస్తే, గిర్రున తిరిగే కోతపుల్ల ఒకటి చెక్క మీద అచ్చంగా ఆ బొమ్మనే కోసిపెడుతుంది. పుల్లను ఎడమకూ కుడికీ జరపడానికి ఒక మోటారు, ముందుకూ వెనక్కూ ఒకటి, పైకీ కిందికీ ఒకటి. కోడలు దాని మీద పేషెంట్లకు పనికొచ్చేవే చేస్తుంది. నిలబడి ఒళ్ళు సంబాళించుకోవడం నేర్చుకునే పీటలు, వేళ్ళు ముడవలేనివాళ్ళ కోసం చెంచాలకు లావుపాటి పిడులు. అలాంటి పిడి ఒకటి మామగారి టీ చెంచాకి కూడా చేసిచ్చింది. ఆయన ఆ పిడిని చెంచాకి తొడగనేలేదు. బుడ్డి అద్దం పెట్టుకుని అరగంట తిప్పి తిప్పి చూశారు.

"అమ్మాయ్, ఇది పళ్ళచక్రం కూడా కోస్తుందా?" అన్నారు.

"మీరు గీసివ్వండి మామయ్యా, కోస్తుంది."

అంతే, మా ఇంట్లో కొయ్య గడియారం పుట్టింది. కాగితం మీద పుట్టిందనుకోండి. ఆయన వంకరటింకర గీతలతో చక్రాలు గీయడం, పక్కన లెక్కలు వేయడం, కోడలు వాటిని కంప్యూటరులోకి ఎక్కించడం. ముల్లు తప్ప మిగతాదంతా చెక్కేనట. కొట్టు మూసిన తరవాత ఆయన భోజనానికి పిలిస్తే "ఉండవోయ్, వస్తా" అనడం మళ్ళీ అప్పుడే విన్నాను. కూర చల్లారిపోతోందని కసురుకుంటూనే లోపల ఎంత సంతోషపడ్డానో నాకే తెలుసు. పొద్దుటి నూనె యాత్ర అయిపోయాక నేరుగా సామాన్ల గదిలోకి వెళ్ళి కూర్చునేవారు.

కానీ చక్రం రాలేదు.

అంటే వచ్చింది, తప్పుగా వచ్చింది. పెద్ద చక్రం చుట్టూ పళ్ళు కోసుకుంటూ వచ్చి పుల్ల మొదలుపెట్టిన చోటికే చేరాలి కదా, చేరేసరికి ఒక పక్కకి జరిగి ఉంటోంది. చివరి పన్ను బక్కచిక్కిపోయి ఉంటుంది. దాన్ని చిన్న చక్రంతో కలిపి తిప్పితే సగం దూరం బాగానే వెళ్ళి, ఆ బక్కపన్ను దగ్గర మొరాయిస్తుంది. మరో చెక్క పెట్టి కోశారు. అదీ అంతే. ఇంకొకటి కోశారు. అదీ పోయింది. ఈసారి పక్కకి జరిగిన కొలత మారింది, అంతే.

మా అబ్బాయి పళ్ళ డాక్టరు. ఇంట్లో పళ్ళ డాక్టరు ఉండీ ఈ పళ్ళ రోగం కుదర్చలేకపోయాడని నేను ఎగతాళి చేస్తే వాడికి రోషం వచ్చింది. క్లినిక్కులో ఎంత ఓపికో ఇంట్లో అంత తొందర వాడికి, అచ్చం నా పోలికే. ఒక మధ్యాహ్నం గదిలోకి దూరి కనబడిన మరలన్నీ బిగించాడు, కంప్యూటరులో వేగాలన్నీ మార్చాడు, కరెంటు పెంచాడు. చక్రం మునుపటికన్నా ఘోరంగా వచ్చింది. కోడలు తన క్లినిక్కు నుంచి వచ్చి చూసి, కోప్పడకుండా, వాడి చేతే ఒక్కొక్కటీ మళ్ళీ యథాస్థానానికి తెప్పించింది. వాడు తలవంచుకుని చేశాడు. నేను పక్కనుంచి చూసి ఆనందించాను.

అదే సమయంలో మా ఆయన ఒక నిర్ణయానికి వచ్చేశారు. అది ఆయన టీ తాగుతూ చాలా మామూలుగా చెప్పారు.

"నీ పీటలు బాగానే వచ్చాయి, పిడులు బాగానే వచ్చాయి. నా చక్రమే రావట్లేదు. తప్పు మిషనుది కాదమ్మాయ్. నాది. ఇన్నాళ్ళూ చేతులే అనుకున్నా. ఇప్పుడు బుర్ర కూడా వణుకుతున్నట్టుంది."

కోడలు ఏదో అనబోయింది. ఆయన వినిపించుకోలేదు. పనిముట్లు ఒక్కొక్కటీ గుడ్డతో తుడిచి రేకు పెట్టెలో సర్దారు. పట్టకార్లు, సన్నటి స్క్రూడ్రైవర్లు, చివరికి ఆ బుడ్డి అద్దం కూడా. ఒకప్పుడు ఆయన కొట్లో పని నేర్చుకుని ఇప్పుడు సొంత కొట్టు పెట్టుకున్న శిష్యుడు ఒకతను ఉన్నాడు. అతనికి ఫోను చేసి, ఆదివారం వచ్చి పెట్టె పట్టుకుపొమ్మన్నారు. పెట్టెను వీధి తలుపు పక్కన స్టూలు మీద పెట్టారు.

నన్ను కూడా ముట్టుకోనివ్వని పెట్టె అది. దాన్నలా గుమ్మం దగ్గర చూసేసరికి నాకు సంగతి అర్థమైంది. ఆ పెట్టె గడప దాటిందంటే ఆయన ఇక కుర్చీలోంచి లేవరు. వింటారు, తింటారు, పడుకుంటారు, అంతే. ఆయనతో ఇన్నేళ్ళు కాపురం చేసినదాన్ని, ఆ మాత్రం నాకు తెలియదా? వంటింట్లోకి వెళ్ళి కోడలి చెయ్యి పట్టుకున్నాను.

"ఆదివారం లోపల ఏదో ఒకటి చెయ్యవే తల్లీ."

"ఏదో ఒకటి చెయ్యకూడదు అత్తయ్యా," అంది. "ఒక్కటే చెయ్యాలి. ఒకటి చేసి, ఏమైందో చూసి, అప్పుడు ఇంకోటి. నా దగ్గరికి మోకాలు నొప్పని వస్తారు. నేను మోకాలు ముట్టుకోను. ముందు నడవమంటా. ఒక్కోసారి తప్పు తుంటిలో ఉంటుంది, ఒక్కోసారి చెప్పులో ఉంటుంది."

మర్నాడు మిషనును నడిపించింది. కోతపుల్ల తీసేసి దాని స్థానంలో మామూలు పెన్ను బిగించింది. చెక్క బదులు తెల్లకాగితం. ఒకే చదరాన్ని ఒకదాని మీద ఒకటి గీస్తూ పొమ్మని చెప్పింది. గీతలన్నీ ఒకే గీతలా పడితే మిషను ఆరోగ్యంగా ఉన్నట్టట. మెల్లగా నడిపితే అలాగే పడ్డాయి. వేగం పెంచగానే చదరం కొద్దికొద్దిగా కుడివైపుకు పాకడం మొదలెట్టింది. ముందుకూ వెనక్కూ మాత్రం చెక్కుచెదరలేదు. ఆ కాగితాలన్నీ దండెం మీద నా చీరల పక్కన క్లిప్పులు పెట్టి వేలాడదీసి, దూరంగా నిలబడి చేతులు కట్టుకుని చూసింది. నాకు నవ్వొచ్చింది. ఎక్స్‌రేలు ఆరేసుకున్నట్టుంది ఆ వాలకం.

"చూశారా అత్తయ్యా, నడిపిస్తే బాగుంది, పరిగెత్తిస్తే తప్పుతోంది. అదీ ఎడమకూ కుడికీ జరిపే కాలు మాత్రమే. మిగతా రెండూ బాగున్నాయి."

ఆ మోటార్ల గుణం నాకు అప్పుడే చెప్పింది. ఫ్యానులా గిర్రున తిరిగే రకం కావట అవి. సెకన్ల ముల్లులా ఒక్కో చిన్న అడుగు వేసుకుంటూ తిరుగుతాయట. ఎన్ని అడుగులు వెయ్యాలో కంప్యూటరు చెబుతుంది, వేశాయో లేదో మాత్రం చూసుకోదు. వేసే ఉంటాయనుకుని తరవాతి పని చెప్పేస్తుంది. పని పురమాయించి మరిచిపోయే ఆ కంప్యూటరు గురించి వింటుంటే నాకు మా అబ్బాయే కళ్ళముందు మెదిలాడు.

"అయితే అడుగు తప్పుతోందా?" అన్నాను.

"తప్పుతోందేమో. లేకపోతే అడుగు సరిగ్గానే వేసి ఇంకెక్కడో జారుతోందేమో. తెలీదు. చూద్దాం."

ఆ 'తెలీదు' అనే మాట ఆమె ఎంత హాయిగా అంటుందో! మా ఇంట్లో నాకు గానీ మా అబ్బాయికి గానీ ఆ మాట గొంతు దాటదు. తెలియకపోయినా ఏదో ఒకటి అనేస్తాం, తరవాత దాన్ని నిలబెట్టుకోవడానికి కుస్తీలు పడతాం. ఈ పిల్ల తెలీదు అని, ఆ తెలియనిదాని దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటుంది.

తరవాత కరెంటు ఆపి, ఎడమ కుడి మోటారు వైర్లు ముందు వెనక మోటారుకు తగిలించింది, దాని వైర్లు దీనికి. మోటార్లకు కరెంటు అందించే బోర్డులో తప్పుంటే, ఇప్పుడు చదరం ముందుకో వెనక్కో పాకాలట. చదరం మళ్ళీ కుడికే పాకింది. "బోర్డుది తప్పు కాదు" అని చెప్పి వైర్లు మళ్ళీ ఎప్పటిలా పెట్టేసింది. ఒక అనుమానం తీరిందని ఆమె మొహం వెలిగిపోతోంది. జబ్బు ఇంకా అలాగే ఉంది కదే పిచ్చిదానా అని నేను తల కొట్టుకున్నాను.

శుక్రవారం నా గదిలోకి వచ్చి, "అత్తయ్యా, మీ గోళ్ళరంగు కావాలి, ఎర్రది" అంది.

ఈ వయసులో నాకు గోళ్ళరంగేమిటని మీరనుకోవచ్చు. నా గోళ్ళు, నా ఇష్టం. సీసా ఇచ్చి వెనకే వెళ్ళాను. మోటారు ఇరుసుకూ, పుల్లను జరిపే పొడుగాటి మరల కడ్డీకీ మధ్య వేలెడంత లోహపు గొట్టం ఒకటి ఉంది. ఒకవైపు ఇరుసును, ఒకవైపు కడ్డీని గట్టిగా పట్టుకుని రెంటినీ ఒక్కటిగా తిప్పడం దాని పని. కప్లింగు అంటారట. ఇరుసు మీద నుంచి ఆ గొట్టం మీదికి సన్నగా ఒక ఎర్ర గీత గీసింది. ఆరేదాకా ఊదుతూ కూర్చుంది. ఆరాక మిషనును అటూ ఇటూ వేగంగా ఉరికించి, ఆపి, టార్చి వేసింది.

గీత విరిగింది. ఇరుసు మీది సగం ఇక్కడుంది, గొట్టం మీది సగం పక్కకి జరిగింది.

"చూశారా!" అంది, ఎంత సంబరమో ఆ గొంతులో. "మోటారు పాపం చెప్పినన్ని అడుగులూ వేస్తోంది అత్తయ్యా. మధ్యలో పట్టు జారుతోంది. ఇన్నాళ్ళూ మోటారును అనుమానించాం!"

నా కడుపు నిండిపోయింది. గోళ్ళరంగుతో ఇంత పని చెయ్యొచ్చని ఏ కంపెనీవాడు చెబుతాడు? పెద్ద పెద్ద మాటలు లేవు, హడావిడి లేదు. ఒక్క గీత గీసి, మోటారును నిర్దోషి అని తేల్చేసింది. కప్లింగు మరలు బిగించి, కొత్తగా ఇంకో గీత గీసి, మళ్ళీ ఉరికించింది. గీత కదల్లేదు. ఆ సాయంత్రమంతా చదరం మీద చదరం పడుతూనే ఉంది, ఒకటే గీతలా.

శనివారం పొద్దున మామగారిని చెయ్యి పట్టుకుని మరీ గదిలోకి తీసుకొచ్చింది. మంచి చెక్క పెట్టింది. మా అబ్బాయి కూడా వచ్చి నిలబడ్డాడు. పుల్ల కోయడం మొదలెట్టింది. పన్ను తరవాత పన్ను, చక్కటి పళ్ళు. మా ఆయన ముందుకు వంగారు. చుట్టూ తిరిగి మొదటి పన్ను దగ్గరికి వచ్చింది. చివరి పన్ను మళ్ళీ బక్కచిక్కిపోయింది.

ఆయన కోడలి భుజం తట్టి, లేచి వెళ్ళిపోయారు. వీధి తలుపు దగ్గర పెట్టెకు తాడు కడుతున్న చప్పుడు వినిపించింది. నేను ఊరుకోలేకపోయాను.

"ఇక చాలించవే నీ పరీక్షలు! ఆశపెట్టి చంపుతున్నావు ఆయన్ని" అన్నాను. అన్న మరుక్షణమే నాలుక కరుచుకున్నాను.

ఇంకో పిల్లయితే ఏడ్చేది, లేదా ఒంటికాలి మీద లేచేది. ఈ పిల్ల నా మాటలో కోపాన్ని వదిలేసి, భయాన్ని మాత్రం తీసుకుంది. "నాకూ అదే దిగులు అత్తయ్యా" అంది. తరవాత మిషను వైపే చూస్తూ అడిగింది. "నిన్న సాయంత్రం బాగుంది. ఇవాళ పొద్దున లేదు. మధ్యలో ఈ గదిలోకి ఎవరొచ్చారు?"

"ఎవరొస్తారు? ఎవరూ రాలేదు. మీ మామయ్య పొద్దున్నే వచ్చుంటారు, ఆయన రోజూ వచ్చేదే కదా, నూనె..."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

కోడలు వంగి, కప్లింగులోకి ఇరుసు దూరేచోట వేలు పెట్టి, ఆ వేలు నా ముక్కు దగ్గరికి తెచ్చింది. వాసన చూడమని చెప్పనక్కర్లేదు. ఇన్నేళ్ళూ నేను ఉతికిన చొక్కాలన్నిటి వాసన అది.

రెండు ఇనుములు కలిసేచోట ఒక చుక్క. తను మిషను కొత్తలో చేసిన పిడి ఒకటి, ఈమధ్య చేసినది ఒకటి కోడలు అలమారలోంచి తీసింది. పిడిని రెండు బద్దలుగా కోసి అతికిస్తారు. పాతదాంట్లో అతుకు ఎక్కడుందో గోటికి కూడా తెలియదు. కొత్తదాంట్లో గోరు తట్టుకుంటుంది. చెక్క ఉబ్బిందేమో అనుకుని గరుకుకాగితంతో రుద్దేసిందట అప్పుడు. ఆయన తన చక్రం కోసం ఈ గదిలోకి రావడం మొదలెట్టిన తరవాతే మిషనుకు ఈ జబ్బు పట్టింది. నీ పనులు బాగానే వచ్చాయి, నావే రావట్లేదని ఆయన అన్నది ఒక విధంగా నిజమే. కానీ ఆయన అనుకున్న విధంగా కాదు.

"చెప్పకు" అన్నాను వెంటనే. "తెలిస్తే కుమిలిపోతారు. నేను ఆ డబ్బా దాచేస్తాను. పోయిందని చెబుతా."

"దాచేస్తే మిషను బాగవుతుంది అత్తయ్యా. మామయ్య బాగవరు. చక్రం ఎందుకో వచ్చిందిలే, నా బుర్ర మాత్రం చెడింది అనే అనుకుంటారు. రేపు ఇంకేదైనా తప్పితే మళ్ళీ పెట్టెకి తాడు కడతారు."

"అయినా నీ చెయ్యే చేసిందని మొహం మీద ఎలా చెబుతావే?"

"మా క్లినిక్కులో రోజూ చెప్పేదే కదా. ఎక్కడ తప్పుందో తెలిశాక సగం మంది అక్కడే లేచి నిలబడతారు."

ఆమె నేరుగా వీధి తలుపు దగ్గరికి వెళ్ళింది. "మామయ్యా, మీ బుడ్డి అద్దం ఒక్కసారి కావాలి" అంది.

"పెట్టె కట్టేశానమ్మాయ్."

"విప్పండి."

ఆయన ముడి విప్పడం మొదలెట్టారు. వేళ్ళు వణుకుతున్నాయి, తాడు చిక్కుపడుతోంది. నేను సాయం చేద్దామని కదలబోతే కోడలు నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. ఆయన విప్పేదాకా ముగ్గురం నిలబడ్డాం. అద్దం కంటికి పెట్టుకుని గదిలోకి వచ్చి, వంగి, ఎర్ర గీతను చూశారు.

"జారింది" అన్నారు. "ఇక్కడ జారితే చక్రం ఎలా వస్తుంది? బిగించలేదా?"

"బిగించాను మామయ్యా. నిన్న సాయంత్రం ఒక్క పిసరు కదల్లేదు. ఇవాళ పొద్దున జారింది. లోపల నూనె ఉంది."

మా అబ్బాయి నేల చూపులు చూశాడు.

"నాదా?" అన్నారు.

"మీదే మామయ్యా."

ఆయన అద్దం తియ్యలేదు. గీతనే చూస్తూ ఉండిపోయారు. "గడియారంలో ముల్లును ఇరుసుకు బిగించేచోట మేమెవరమూ నూనె వెయ్యం" అన్నారు మెల్లగా. "కదలాల్సిన చోట వెయ్యాలి, పట్టుకోవాల్సిన చోట వెయ్యకూడదు. కొట్లోకి వచ్చినవాడికి మొదటిరోజు చెప్పే పాఠం అది. ఇది గిరగిరా తిరుగుతోంది కదా, పాపం ఎండిపోతుందేమో అని వేశా. రోజూ వేశా." తరవాత తలెత్తారు. "అయితే పళ్ళ లెక్క?"

"మీ లెక్కలో తప్పు లేదు. మొదటి చక్రం పోయినరోజే మొత్తం సరిచూశాను."

"అంటే నా బుర్ర బాగానే ఉందంటావు?"

"బుర్ర బాగానే ఉంది. చెయ్యే కాస్త ప్రేమ ఎక్కువ చేసింది."

అప్పుడు నవ్వారు మా ఆయన! అద్దం కంటి నుంచి జారి మెడలోని దారానికి వేలాడేదాకా నవ్వారు. కళ్ళు తుడుచుకుంటూ నా వైపు తిరిగి, "విన్నావటోయ్? నా నూనేనట! నూనే!" అన్నారు, ఎవరో పిలిచి సన్మానం చేసినంత సంబరంగా. నేను కుమిలిపోతారని భయపడిన మనిషి ఈయనేనా అనిపించింది. తప్పు తన చేతిదని తెలిసినందుకు కాదు ఆ సంతోషం. తప్పుకు ఒక చోటు ఉందని తెలిసినందుకు. వయసును ఎవరు తుడవగలరు? నూనెనయితే తుడవచ్చు.

తుడిచింది కూడా ఆయనే. కోడలు కప్లింగు విప్పి ఇచ్చింది, క్లినిక్కు సంచిలోంచి స్పిరిటూ దూదీ తీసి ఇచ్చింది. ఆయన కూర్చుని, దూది మీద దూది మారుస్తూ, తెల్లగా వచ్చేదాకా రుద్దారు. తుడిచే పనికి వణుకు అడ్డం కాదని అప్పుడు చూశాను. ఆ సంగతి కోడలికి ముందే తెలుసు. అందుకే ఆ పని తను చేయకుండా ఆయనకిచ్చింది. నేనంత దూరం ఆలోచించను, నాకు ఓపిక లేదు. ఆ అమ్మాయిని అలా చూస్తూ, ఈ పిల్ల మా ఇంటికి వచ్చినప్పుడు పరుపుల కోసం మూతి ముడుచుకున్నానేమిటా అని నా మీద నాకే నవ్వొచ్చింది.

ఆదివారం పొద్దున కొత్త చెక్క పెట్టారు. పుల్ల చుట్టూ తిరిగి వచ్చి, మొదటి పన్ను పక్కన ఆఖరి పన్నును కోసింది. రెండూ కవలల్లా ఉన్నాయి. ఆయన చక్రాన్ని చేత్తో తీసి, అద్దంలోంచి ఒక్కో పన్నూ చూసుకుంటూ వచ్చారు. ఎక్కడ మొదలెట్టారో మరిచిపోయి మళ్ళీ చూశారు. ఏది మొదటిదో ఏది చివరిదో తెలియడం లేదట.

అంతలో శిష్యుడు వచ్చాడు. తలుపు చప్పుడు కాలేదు కాబట్టి నేను ఎప్పటిలాగే ఉలిక్కిపడ్డాను. "పెట్టె తీసుకెళ్ళమన్నారు గురువుగారు" అన్నాడు మొహమాటంగా.

"ఏ పెట్టె? నాకు పనుంది. ముందు ఇది పట్టుకో, గట్టిగా కాదు" అని మా ఆయన అతని చేతిలో చక్రం పెట్టారు. పాపం, అతను మధ్యాహ్నం దాకా కదలకుండా చక్రాలు పట్టుకుని నిలబడ్డాడు. భోజనం పెట్టి పంపించాను.

ఇప్పుడా గడియారం మా హాల్లో ఉంది. నడుస్తోంది. కాస్త వెనకబడుతుంది, ఆయన రోజూ సరిదిద్దుతారు. పొద్దుటి నూనె యాత్ర కూడా మానలేదు. కాకపోతే నా గోళ్ళరంగు సీసా ఆయన జేబులోకి మారింది. మిషను మీద నూనె పడకూడని చోటల్లా ఒక ఎర్ర చుక్క పెట్టుకున్నారు. నేను కొత్త సీసా తెప్పించుకోవాల్సి వచ్చింది.

ఒక్క సంగతి. కొయ్య పళ్ళకు నూనె పడదట, ఉబ్బి పట్టేస్తాయట. అందుకని ఆ గడియారం గంటకోసారి, పెద్ద చక్రం ఒక చుట్టు పూర్తిచేసేటప్పుడు, సన్నగా కిర్రుమంటుంది. ఆ చప్పుడు వినగానే మా ఆయన చెయ్యి అలవాటుగా డబ్బా మీదికి పోతుంది. మళ్ళీ ఆగి, వెనక్కి వస్తుంది. మా ఇంట్లో కిర్రుమనేది ఆ గడియారం ఒక్కటే. అది కిర్రుమన్నప్పుడల్లా నేను చేస్తున్న పని ఆపి వింటాను. పక్కన కోడలుంటే తనూ వింటుంది.